రోమన్ డిటెక్టివ్ కథ రాస్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన రోమ్‌లో జరిగే హత్యాపరిశోధన కథ రాయాలని కూర్చున్నవారికి మళ్ళీమళ్ళీ వచ్చే సందేహాలివి. కథ పని ఏ దశలో ఉన్నప్పుడు వచ్చే సందేహాలను ఆ దశ కిందే పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అన్నిటి వెనకా మాకున్న అభిప్రాయం ఒకటే: రోమ్‌లో నిజం బయటపడాలంటే తెలివి ఒక్కటే చాలదు, ఎవరిని నిలదీసే హక్కు ఎవరికుందో కూడా తేలాలి. కథకు బిగువు అక్కడి నుంచే వస్తుంది.

## కథ మొదలుపెట్టే ముందు

రోమ్ చరిత్ర వందల ఏళ్ళు సాగింది. కథకు ఏ కాలం తీసుకోవాలి?

మీకు ఎలాంటి దర్యాప్తు కావాలో ముందు తేల్చుకోండి. కోర్టు వాదనలు, వీధి ముఠాలు, రాజకీయ పగలు కావాలంటే రిపబ్లిక్ (చక్రవర్తులు రాకముందటి పాలన) చివరి దశ బాగుంటుంది. హత్యలు, విషప్రయోగాల మీద నియంత సుల్లా చట్టం వచ్చిన క్రీ.పూ. 81 నుంచి క్రీ.పూ. 50 దాకా అన్నమాట. రాత్రి పహరా, రహస్యంగా ఫిర్యాదులు మోసేవాళ్ళు, చక్రవర్తి అంటే భయం కావాలంటే క్రీ.శ. 6 తర్వాతి కాలానికి రండి. సామాన్యుల తగాదాలు కావాలంటే రోమన్ ఏలుబడిలోని ఈజిప్టును మించింది లేదు. అక్కడి పొడి ఇసుకలో పాపిరస్ మీద రాసిన ఫిర్యాదులు, డాక్టర్ల రిపోర్టులు ఈనాటికీ నిలిచాయి.

కాలం తేలాక ఒక్క సంవత్సరం ఖాయం చేసుకోండి. "నీరో రోజుల్లో" అనుకుని మొదలుపెడితే పదో అధ్యాయంలో క్రీ.శ. 64 నాటి అగ్నిప్రమాదం ముందా వెనకా అని తడుముకోవాల్సి వస్తుంది. ఆ మంటల తర్వాత ఊరు రూపమే మారిపోయింది.

పోలీసులే లేని ఊళ్ళో డిటెక్టివ్ ఎలా ఉంటాడు?

మనకు తెలిసిన పోలీసు వ్యవస్థ లేదు. హత్య జరిగితే దర్యాప్తు చేయించుకోవడం, నేరం మోపడం చచ్చినవాడి బంధువుల పని. మీ డిటెక్టివ్‌కు చోటు దొరికేది ఆ ఖాళీలోనే. వకీలు కోసం ఆధారాలు పోగుచేసేవాడు, పెద్దమనిషి ఇంటి లెక్కలు చూసే స్వేచ్ఛ పొందిన బానిస, గ్రీకు వైద్యుడు, రిటైరైన సైనికుడు, వీళ్ళలో ఎవరైనా సరిపోతారు.

అధికారం ఉన్న మనిషే కావాలంటే విజిలెస్ దళం ఉంది. క్రీ.శ. 6లో అగస్టస్ పెట్టిన పహరా ఇది. ఊళ్ళో 14 వార్డులు, 7 దళాలు, ఒక్కో దళానికి రెండు వార్డులు. వీళ్ళ ముఖ్యమైన పని మంటలార్పడం. ఈ ఏడు దళాలకూ అధిపతి రాత్రంతా మెలకువగా ఉండాలని, చెప్పులు తొడుక్కుని, కొక్కేలు, గొడ్డళ్ళు పట్టుకున్న మనుషులతో తిరగాలని, మేడ మీద అద్దెకుండేవాళ్ళు గదిలో నీళ్ళు ఉంచుకునేలా చూడాలని రోమన్ న్యాయగ్రంథాల్లో ఉంది. నిప్పు పెట్టినవాళ్ళు, కన్నం వేసేవాళ్ళు, దొంగలు, దొంగసొత్తు దాచేవాళ్ళ మీద విచారణ కూడా ఆయనదే. స్నానశాలల్లో బట్టలకు కాపలా ఉండి వాటినే కాజేసేవాళ్ళ కేసులూ ఆయన దగ్గరికే వెళ్ళేవి. నేరం పెద్దదైతే మాత్రం నగర ప్రిఫెక్ట్‌కు (రోమ్ నగర పాలన చూసే పెద్ద అధికారికి) అప్పగించాలి. అంటే మీ విజిలెస్ అధికారి చిన్న దొంగతనం అనుకుని మొదలుపెట్టి హత్య దాకా వచ్చేసరికి కేసు చేజారిపోతుంది. కథకు ఇంతకంటే మంచి మలుపు వెతికినా దొరకదు.

బానిసను కథానాయకుడిగా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ అతనికున్న హద్దులన్నీ కథలో కనిపించాలి. బానిస ఎవరి మీదా నేరం మోపలేడు. అతని సాక్ష్యం కోర్టులో చెల్లాలంటే చిత్రహింస పెట్టి రాబట్టినదై ఉండాలి. పైగా మామూలు కేసుల్లో సొంత యజమానికి వ్యతిరేకంగా బానిస చేత చెప్పించకూడదు. ఈ అడ్డు దాటడానికి క్రీ.శ. 16లో లిబో డ్రూసస్ అనే పెద్దింటి మనిషి కేసులో ఒక ఎత్తు వేశారు. అతని బానిసలను ప్రభుత్వ ప్రతినిధికి అమ్మించి, ఇప్పుడు యజమాని వేరు కదా అని చిత్రహింసకు దారి చేసుకున్నారు.

బానిసకు ఒక లాభమూ ఉంది. భోజనాల దగ్గర పక్కనే నిలబడ్డా అతన్ని ఎవరూ లెక్కచేయరు. అన్నీ వింటాడు, ఏదీ చెప్పలేడు. విన్నది పైకి చేరాలంటే అతని మాటను తన మాటగా చెప్పే ఒక పౌరుడు కావాలి. ఆ ఇద్దరి మధ్య బంధమే మీ నవలకు ఆయువుపట్టు.

స్త్రీ పాత్ర దర్యాప్తు చేస్తే నమ్మేలా ఉంటుందా?

ఉంటుంది. స్త్రీలు మామూలుగా నేరం మోపలేరు గాని తల్లిదండ్రులు, పిల్లలు, తనను బానిసత్వం నుంచి విడిపించిన పోషకుడి చావు విషయంలో చట్టం మినహాయింపు ఇచ్చింది. కాబట్టి చచ్చినవాణ్ణి ఆమెకు తండ్రిని చేయండి, కొడుకును చేయండి. మంత్రసాని, వైద్యురాలు, దుకాణం నడిపే స్వేచ్ఛ పొందిన బానిస, ఇలాంటి పాత్రలకు మగ అధికారులు అడుగుపెట్టలేని గదుల్లోకి దారి ఉంటుంది.

మన ప్రాంతం మనిషిని ఆ కథలో పెట్టొచ్చా?

ఆధారం గట్టిగానే ఉంది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ 'అందరే' అనే జాతికి 30 కోట ఊళ్ళు, లక్ష కాల్బలం, 2000 గుర్రాలు, 1000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఆ కాలపు గ్రీకు నావికుడి దారిపుస్తకంలో మసాలియా తీరపు సన్నబట్టల ప్రస్తావన ఉంది. అది మచిలీపట్నం వైపు తీరమే. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ కాలపు వెండి నాణేలు కుప్పగా దొరికాయి.

అయితే ఆ మనిషిని నేరుగా రోమ్ నడివీధిలో దించకండి. ఎర్రసముద్రం మీది బెరెనికె రేవు, అక్కణ్ణుంచి అలెగ్జాండ్రియా, ఇదీ దారి. మిరియాలు, బట్టలు, దంతం ఆ దారినే వెళ్ళేవి. అలెగ్జాండ్రియాలో భారతీయులు కనిపించడం వింతేమీ కాదు. అతనితో నేటి తెలుగు మాట్లాడించకండి, శాతవాహనుల శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయని గుర్తుంచుకోండి. భోజనంలో మిరపకాయ కూడా రాయకండి. అప్పటికి అది రోమ్‌లోనే కాదు, గుంటూరులోనూ లేదు.

లాటిన్‌లో 'నువ్వు', 'మీరు' తేడా లేదట. సంభాషణలు ఎలా రాయాలి?

నిజమే, ఆ కాలపు లాటిన్‌లో బానిస యజమానితోనైనా 'తూ' అనే అంటాడు. తెలుగులో అలా రాస్తే పాఠకుడికి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. బానిస చేత "మీరు", "దొరా" అనిపించండి, యజమాని చేత "నువ్వు", కోపం వస్తే "ఏరా" అనిపించండి. సెనేటర్లు ఒకరినొకరు "మీరు" అనుకోవాలి, చిన్ననాటి స్నేహితులైతే తప్ప.

తెలుగులో రాసేవారికి ఇక్కడొక వరం ఉంది. ఇరవై ఏళ్ళు "మీరు" అన్న నౌకరు చివరి అధ్యాయంలో ఒక్కసారి "నువ్వు" అంటే చాలు, పేజీ వర్ణన అక్కర్లేదు. ఆ ఒక్కసారి కోసం ముందంతా జాగ్రత్తగా దాచుకోండి.

పాత్రలకు పేర్లు ఎలా పెట్టాలి?

పౌరుడైన మగవాడికి సాధారణంగా మూడు పేర్లు: సొంత పేరు, వంశం పేరు, శాఖ పేరు. మార్కస్ టుల్లియస్ సిసిరో అలాంటిదే. కూతురికి వంశం పేరే స్త్రీలింగంలో వస్తుంది, సిసిరో కూతురు టుల్లియా. బానిసకు ఒక్కటే పేరు. విడుదలయ్యాక యజమాని మొదటి రెండు పేర్లూ ముందు తగిలించుకుంటాడు. సిసిరో కార్యదర్శి టిరో అలా మార్కస్ టుల్లియస్ టిరో అయ్యాడు. పేరు వినగానే ఒకప్పుడు ఎవరి సొత్తో తెలిసిపోతుంది కాబట్టి దీన్నే ఆధారంగా వాడుకోవచ్చు. కథ మొత్తంలో ఒక్కొక్కరిని ఒకే పేరుతో పిలవండి, లేకపోతే పాఠకుడు తికమకపడతాడు.

## శవం దొరికాక

పోస్ట్‌మార్టం చేసేవారా?

కోసి చూడటం లేదు. పైపైన చూడటం ఉంది. జూలియస్ సీజర్ ఒంటిమీద 23 గాయాలు ఉంటే, రొమ్ము మీద తగిలిన రెండో పోటు ఒక్కటే ప్రాణం తీసిందని ఆంటిస్టియస్ అనే వైద్యుడు తేల్చాడు.

ఈజిప్టులో ఇది ప్రభుత్వ పద్ధతిగానే సాగింది. క్రీ.శ. 173లో ఆక్సిరింకస్ ఊళ్ళో హీరాక్స్ అనే మనిషి శవం ఉరికి వేలాడుతూ కనిపిస్తే, జిల్లా అధికారి ప్రభుత్వ వైద్యుణ్ణి పంపి, చూసింది రాతలో ఇమ్మన్నాడు. క్రీ.శ. 182 నాటి ఇంకో పాపిరస్ చదివితే గుండె బరువెక్కుతుంది. సెనెప్టా అనే ఊళ్ళో పండగ రోజు వీధిలో చిడతలు వాయిస్తూ ఆడుతున్న స్త్రీలను చూడాలని ఎనిమిదేళ్ళ బానిస పిల్లవాడు ఎపఫ్రోడిటస్ మిద్దె మీంచి వంగి, కిందపడి చనిపోయాడు. అప్పుడూ అధికారి తన మనిషిని, వైద్యుణ్ణి కలిపి పంపాడు. మీ కథలో వైద్యుడు ఇంతవరకే చెప్పాలి: ఎక్కడ గాయం, ఉరి గుర్తు ఉందా, దెబ్బలున్నాయా. రక్తం గ్రూపులు, వేలిముద్రల జోలికి వెళ్ళకండి.

విషం పెట్టి చంపితే ఎలా బయటపడుతుంది?

రసాయన పరీక్ష లేదు, కాబట్టి విషమని ఖాయంగా నిరూపించలేరు. నిందలు మోపేవాడికైనా, తప్పించుకునేవాడికైనా ఇదే పెద్ద సందు. శరీరం నల్లబడటం, నీలి మచ్చలు రావడం విషానికి గుర్తని నమ్మేవారు. విషంతో పోయినవాడి గుండె చితిలో కాలదని కూడా నమ్మారు. క్రీ.శ. 19లో చక్రవర్తి టైబీరియస్ అన్నకొడుకు, సేనాని జర్మానికస్ పోయినప్పుడు ఇలాంటి వాదనలే నడిచాయి. ఆయన ఇంట్లో నేలలో, గోడల్లో మనుషుల ఎముకలు, ఆయన పేరు చెక్కిన సీసపు శాపపలకలు దొరికాయి. విషం తయారుచేస్తుందని పేరుపడ్డ మార్టినాను విచారణకు రోమ్‌కు పంపితే బ్రుండిసియం రేవులో హఠాత్తుగా చనిపోయింది, జడముడిలో విషం దాచి ఉంది.

పెట్టే ఉపాయానికి క్రీ.శ. 55లో నీరో సవతి తమ్ముడు బ్రిటానికస్ హత్యను మించిన పాఠం లేదు. రుచి చూసేవాడు ముందే తాగి ఇచ్చిన పానీయం మరీ వేడిగా ఉందని బ్రిటానికస్ వెనక్కి ఇచ్చాడు. చల్లార్చడానికి పోసిన చన్నీళ్ళలో విషం ఉంది. రుచి చూసేవాడు ఆ నీళ్ళు తాగలేదు. మూర్ఛ వచ్చిందని నీరో చెప్పి ఊరుకున్నాడు. శవం రంగు కనబడకుండా ఒంటికి సున్నపు పూత పూయించాడని, ఫోరం (ఊరి నడిమి చౌకు) మీదుగా తీసుకెళ్తుంటే వాన కురిసి ఆ పూత కరిగిపోయిందని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు.

మొక్కల విషాలైన హెమ్లాక్, నాభి, నల్లమందు రాయండి. రుచీ వాసనా లేని తెల్ల పాషాణం పొడి మాత్రం మధ్యయుగాల సరుకు, ఇక్కడ పనికిరాదు.

హత్య జరిగిన చోటును పరిశీలించే అలవాటు ఉందా?

ఉంది. ఆ పని చేసినవాడు స్వయంగా చక్రవర్తి. క్రీ.శ. 24లో ప్లాటియస్ సిల్వానస్ అనే ప్రీటర్ (ఉన్నత న్యాయాధికారి) భార్య ఆప్రోనియా పైనుంచి పడి చనిపోయింది. తాను గాఢనిద్రలో ఉన్నానని, ఆమే దూకిందని భర్త తడబడుతూ చెప్పాడు. టైబీరియస్ వెంటనే ఆ ఇంటికి వెళ్ళి పడకగది చూశాడు. ఆమె పెనుగులాడిన ఆనవాళ్ళు, బలంగా తోసిన ఆనవాళ్ళు అక్కడే కనిపించాయి. కేసు సెనేట్‌కు వెళ్ళింది. తీర్పు రాకముందే సిల్వానస్‌కు నాయనమ్మ ఒక బాకు పంపింది. దాంతో పొడుచుకోలేక చివరికి నరాలు కోయించుకున్నాడు. ఆ మీదట అతని మొదటి భార్య నుమాంటినాపై మందు పెట్టి పిచ్చెక్కించిందని కేసు పెడితే నిర్దోషిగా తేలింది.

తోసిన ఆనవాళ్ళంటే ఏమిటో ఈ సంగతి రాసిన చరిత్రకారుడు టాసిటస్ వివరించలేదు. చెదిరిన పరుపు, ఒరిగిన దీపస్తంభం, కిటికీ చెక్కకు పట్టుకున్న గోళ్ళ గీతలు, ఏదైనా మీ ఊహకు వదిలేశాడు.

యజమాని హత్యకు గురైతే ఇంట్లో బానిసలందరినీ చంపేస్తారా?

చట్టం అలాగే ఉంది. క్రీ.శ. 10 నాటి సెనేట్ తీర్మానం ప్రకారం హత్య వేళ అదే కప్పు కింద ఉన్న బానిసలందరినీ చిత్రహింస పెట్టి విచారించాలి, కాపాడటానికి రానివాళ్ళకు మరణశిక్ష. క్రీ.శ. 61లో నగర ప్రిఫెక్ట్ పెడానియస్ సెకుండస్‌ను ఒక బానిస చంపితే 400 మందిని చంపించారు. జనం రాళ్ళు, దివిటీలు పట్టుకుని అడ్డుపడితే నీరో దారి పొడవునా సైనికులను నిలబెట్టాడు.

కథకుడికి ఇందులో రెండు తాళంచెవులున్నాయి. ఒకటి, ఆత్మహత్యా హత్యా అన్న ప్రశ్న మీద వందల ప్రాణాలు వేలాడతాయి, కాబట్టి మీ డిటెక్టివ్‌కు గడువు దానంతట అదే వస్తుంది. రెండు, బానిసల విచారణ ముగిసేదాకా వీలునామా తెరవకూడదు. డబ్బు అవసరమున్న వారసుడు విచారణ త్వరగా ముగించమని ఎందుకు తొందరపెడుతున్నాడో మీ పాఠకుడు అప్పుడు ఆలోచిస్తాడు.

## ఆధారాలు పోగుచేసేటప్పుడు

హత్య ఎన్ని గంటలకు జరిగిందో ఎలా చెప్పించాలి?

పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా 12 గంటలు, వేసవైనా చలికాలమైనా అంతే. అందుకే రోమ్‌లో నడివేసవి పగటి గంట మన లెక్కలో 75 నిమిషాలు, నడిచలికాలంలో 45 నిమిషాలు. రాత్రిని నాలుగు కాపలాలుగా పంచేవారు. దానికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు, మన రాత్రికీ నాలుగు జాములే. "రాత్రి మూడో జాములో" అని రాస్తే సరిపోతుంది. నిమిషాలు మాత్రం ఎవరినోటా రాకూడదు.

అలిబీని (నేరం వేళ వేరేచోట ఉన్నాననే రుజువును) గంటలతో కాకుండా పనులతో కట్టండి. సాక్షి "స్నానశాల తలుపులు తీసిన వేళకు", "నూనె అయిపోయి దీపం కొండెక్కాక" అనాలి. సీజర్ కాలపు చట్టం ప్రకారం కొన్ని మినహాయింపులు తప్ప పగలు పదో గంట దాకా బళ్ళు ఊళ్ళో తిరగకూడదు. అందుకే రాత్రంతా ఇరుసుల చప్పుడే. కేక ఎవరికీ వినపడలేదంటే నమ్మొచ్చు.

తాళం వేసిన గదిలో హత్య సాధ్యమేనా?

సాధ్యమే. ఇనుప, కంచు తాళాలు ఉన్నాయి. చిన్న తాళంచెవిని ఉంగరంలా వేలికి తొడుక్కునేవారు. ఇంటి తలుపుకు లోపల అడ్డగడియ. దుకాణాలకు గడపలో గాడి ఉండి, నిలువు పలకలు ఒకదాని పక్కన ఒకటి జరిపి, చివరి పలకను తాళం వేసే తలుపుగా వాడేవారు. మన పాత కిరాణా కొట్ల పలకల తలుపులు చూసినవారికి వెంటనే అర్థమవుతుంది. పాంపేయీ గడపల్లో ఆ గాడులు ఇప్పటికీ ఉన్నాయి.

ముద్ర చెదరకుండా ఉత్తరం తెరవడం ఎలా?

రెండో శతాబ్దపు రచయిత లూసియన్ ఒక దొంగ ప్రవక్త మోసాలు బయటపెడుతూ పద్ధతులు వివరించాడు. సూది ఎర్రగా కాల్చి, ముద్ర కింది మైనాన్ని మాత్రమే కరిగించి ముద్రను ఊడదీయడం, చదివాక మళ్ళీ అదే సూదితో వేడి చేసి అతికించడం ఒకటి. తారు, కీలు, రాతిపొడి, మైనం, బంక కలిపిన ముద్దను మెత్తగా ఉన్నప్పుడే ముద్ర మీద అదిమి అచ్చు తీయడం రెండోది. ఆ ముద్ద రాయిలా గట్టిపడ్డాక దాన్నే కొత్త ముద్ర వేయడానికి వాడేవారు.

వీటిలో ఏది చేసినా ఒక లోపం మిగలాలి, లేకపోతే మీ డిటెక్టివ్‌కు పనిలేదు. సూది వాడితే దారం దగ్గర మైనం మళ్ళీ కరిగి కాస్త జారిన మెరుపు ఉంటుంది. అచ్చు వాడితే ఉంగరపు రాతి మీది సన్న గీతలు మొద్దుబారతాయి.

వార్త ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంతసేపట్లో చేరుతుంది?

మామూలు ప్రభుత్వ దూత రోజుకు 50 రోమన్ మైళ్ళు, అంటే సుమారు 75 కిలోమీటర్లు వెళ్తాడు. చలికాలంలో, నవంబర్ 11 నుంచి మార్చి 10 దాకా, సముద్రయానం దాదాపు ఆగిపోతుంది.

వేగమే ఆధారమైన కేసు ఒకటుంది. క్రీ.పూ. 80లో యువ సిసిరో వాదించిన సెక్స్టస్ రోసియస్ కేసు. తండ్రిని చంపాడని కొడుకు మీద నేరం. హత్య జరిగింది రోమ్‌లో, చీకటి పడి గంట దాటాక. తెల్లారేసరికి 56 మైళ్ళ దూరంలోని అమేరియాకు గ్లౌసియా అనే మనిషి తేలిక బళ్ళు మార్చుకుంటూ వార్త చేర్చాడు. చెప్పింది కొడుక్కి కాదు, ఆ కుటుంబానికి శత్రువైన బంధువుకు. బళ్ళు ముందే ఎవరు సిద్ధం చేశారు? రాత్రికి రాత్రే అంత తొందర ఎందుకు? 60 లక్షల సెస్టర్స్ (రోమన్ నాణేలు) విలువైన ఆస్తిని 2000కు వేలంలో కొన్నదెవరు? "ఎవరికి లాభం" అన్న పాత న్యాయమూర్తి కాసియస్ ప్రశ్నను సిసిరో ఆ కేసులోనే గుర్తుచేశాడు. కొడుకు బయటపడ్డాడు.

లంచం ఇప్పించాలి. ఎంత రాయాలి?

ఒక బంగారు ఆరియస్‌కు 25 వెండి డినారీలు, డినారియస్‌కు 4 సెస్టర్స్, సెస్టర్స్‌కు 4 రాగి ఆస్‌లు. అగస్టస్ కాలపు సైనికుడి ఏడాది జీతం 225 డినారీలు. పాంపేయీ గోడ మీది రాత ప్రకారం ఒక ఆస్‌కు మామూలు ద్రాక్షసారాయి, రెండుకు మంచిది, నాలుగుకు ఫలెర్నియన్. తలుపు కాపలావాడి చేతిలో ఆరియస్ పెట్టించకండి, వాడు ఆనందించే బదులు హడలిపోతాడు. రెండు డినారీలు చాలు.

## దోషి దొరికాక

దోషిని ఎవరికి అప్పగించాలి?

రిపబ్లిక్ కాలమైతే ఫోరంలో జ్యూరీ ముందు. జ్యూరర్ దగ్గర రెండు వైపులా అక్షరాలున్న మైనపు పలక ఉంటుంది, విడుదలకు ఒకటి, శిక్షకు ఒకటి. అక్కర్లేనిది చెరిపి పాత్రలో వేస్తాడు. సమానమైతే విడుదల. క్రీ.పూ. 52లో రాజకీయ ప్రత్యర్థి క్లోడియస్‌ను చంపిన కేసులో మైలో అనే నాయకుడికి 38 మంది శిక్ష, 13 మంది విడుదల వేశారు. చక్రవర్తుల కాలంలో క్రమంగా నగర ప్రిఫెక్టే విచారించి తీర్పు చెప్పడం పెరిగింది, సెనేటర్ నిందితుడైతే సెనేట్.

జైల్లో వేస్తారా?

లేదు. రోమ్‌లో చెరసాల విచారణ దాకానో, ఉరి తీసేదాకానో ఉంచే చోటు మాత్రమే. ఏళ్ళ తరబడి జైలు శిక్ష రాయకండి. గొప్పింటివాడికి దీవికి బహిష్కరణ, ఆస్తి జప్తు. పేదవాడికి గనులు, మృగాలు, శిలువ. తండ్రిని చంపినవాణ్ణి తోలు సంచిలో కుట్టి నీళ్ళలో పడేయడం పాత ఆచారం, తర్వాతి రచనల్లో దానికి కుక్క, కోడిపుంజు, పాము, కోతి కూడా చేరాయి. ఒకే హత్య ఇద్దరు కలిసి చేసినా ఇద్దరికీ ఒకే శిక్ష పడదు. ఆఖరి అధ్యాయం రాసేముందు ఎవరి హోదా ఏమిటో మళ్ళీ చూసుకోండి.

## అచ్చుకు పంపే ముందు

మామూలుగా దొర్లే తప్పులేమిటి?

టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, మిరపకాయ లేవు. తీపికి తేనె. జేబులు లేవు, డబ్బు నడుముకు కట్టిన సంచిలోనో టోగా (ఒంటికి చుట్టుకునే పెద్ద బట్ట) మడతలోనో ఉంటుంది. గుర్రానికి రికాబులు లేవు, కాబట్టి "రికాబులో కాలు పెట్టి" ఎక్కించకండి. ఇళ్ళకు నంబర్లు లేవు, చిరునామా అంటే గుడి పక్కన, చింపిరి అత్తిచెట్టు దాటాక అని చెప్పడమే. టోగా పౌరులు కట్టేది, బానిసకు కట్టించకూడదు. కొలోసియం క్రీ.శ. 80లో తెరిచారు, అంతకు ముందరి కథలో అది కనిపిస్తే పుస్తకం మూసేసే పాఠకులున్నారు. వాళ్ళ కోసమైనా ఆ ఒక్క వాక్యం కొట్టేయండి.